అరచేతుల మీద కూర్చునే సిస్టర్

మొన్న శనివారం చిక్కపేటలో చీరల పని ముగించుకుని (పని మా ఆవిడది, ముగించింది నేను) నిలబడి టిఫిను తినే ఒక దర్శిని హోటల్లోకి దూరాను. అక్కడ చీటీలిచ్చే మనిషిని తీసేసి, నిలువెత్తు తెర ఒకటి పెట్టారు. కావలసినదాన్ని తెర మీద తాకితే చీటీ దానంతటదే వస్తుందట. నా ముందు పంచె కట్టుకున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయనకు కావలసింది రెండు ఇడ్లీలు, ఒక వడ. భూమండలం మీద ఇంతకన్నా నిరాడంబరమైన కోరిక ఉండదు. తెర మాత్రం ముందు ఆయన పేరడిగింది, తర్వాత ఫోను నంబరడిగింది, ఆపైన "మా కుటుంబంలో సభ్యులవుతారా?" అని అడిగింది. ఆయన తప్పుచోట వేలు పెట్టిన ప్రతిసారీ "టొంయ్" అని ఒక చప్పుడు, పగిలిన కంచుగిన్నెను గరిటెతో కొట్టినట్టు. పదహారో టొంయ్ తర్వాత ఆయన వెనక్కి తిరిగి, నా వెనక వరుసకట్టిన సగం చిక్కపేటను చూసి, సిగ్గుపడుతూ నవ్వి, "నాకు ఇవంతా రాదప్పా" అన్నాడు.

ఆ టొంయ్ కంటే ఆ మాట నన్ను ఎక్కువ గుచ్చింది. వెంటనే నా చెవిలో ఇంకొక గొంతు మెత్తగా పలికింది. "రాసుకోండి రంగనాథ్ గారూ. నాకు రాదు అన్నారు. అంటే చెయ్యడం మనకు రాలేదన్నమాట." ఏళ్ల తరబడి నన్ను వదలని గొంతు అది. ఎస్తేరు రాణి సిస్టర్‌ది.

నేను నా జీవితంలో చాలామందిని చూసి అసూయపడ్డాను. బడిలో నా పక్కన కూర్చున్నవాడి దస్తూరి చూసి పడ్డాను. పక్కింటివాళ్ల కరివేపాకు చెట్టును చూసి పడ్డాను. నా బట్టతల కంటే ఆలస్యంగా మొదలైన నా తమ్ముడి బట్టతలను చూసి కూడా పడ్డాను. అవన్నీ తులాల లెక్కన తూచదగ్గ అసూయలు. ఎస్తేరు సిస్టర్ మీద నాకున్న అసూయను తూచాలంటే మాత్రం అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర లారీలను ఎక్కించే కాటా తేవలసిందే. అదీ ఒకసారి మూలిగి ఊరుకుంటుంది.

అప్పట్లో నేను హోసూరు రోడ్డు వైపు ఉన్న ఒక ఆసుపత్రిలో కమ్యూనికేషన్స్ విభాగానికి అధిపతిని. విభాగమంటే నేను, ఒక బల్ల, బల్ల కింద ఎప్పుడూ దగ్గుతుండే ఒక ప్రింటరు. అయినా అధిపతిని అధిపతినే. నగర్తపేటలో పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు నేర్చినవాణ్ని కనక ఆసుపత్రి కరపత్రాలన్నీ మూడు భాషల్లో నేనే రాసేవాణ్ని. మూడింట్లోనూ సమానంగా, ఎవరికీ అర్థం కాకుండా రాయగలగడం నా ప్రత్యేకత అని తర్వాత తెలిసింది. అప్పటికి దాన్ని శైలి అనుకునేవాణ్ని.

ఎస్తేరు సిస్టర్‌ది ఒంగోలు దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్లు మా వార్డుల్లోనే నర్సుగా చేసింది. ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. మే నెల ఎండలో కూడా తెల్లచీర మీద నీలం స్వెటరు. మాట ఎంత మెత్తగా ఉండేదంటే, సూది గుచ్చి దూదితో తుడిచి వెళ్లిపోయాక గాని గుచ్చినట్టు తెలిసేది కాదు. ఆమె నా సామ్రాజ్యంలోకి అడుగుపెట్టడానికి కారణం ఒక తెల్లకాగితం. రక్తపరీక్షల గది ముందు నేను ఇత్తడి అక్షరాలతో "రోగనిర్ధారణ విజ్ఞాన కేంద్రం" అని బోర్డు పెట్టించాను. ఆ ఇత్తడిలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. జనం నిజంగానే ఆ అక్షరాల్లో తల దువ్వుకుని, రక్తం ఎక్కడ తీస్తారని పక్క గదిలో అడిగేవారు. ఒకరోజు సిస్టర్ ఒక కాగితం మీద "పరీక్షకు రక్తం ఇక్కడ తీస్తారు" అని మూడు భాషల్లో రాసి, బాణం గుర్తు వేసి అంటించింది. అంటించింది కూడా గది దగ్గర కాదు, యాభై అడుగుల ముందు, వరండా మలుపు దగ్గర, నడుము ఎత్తులో. నేను ఉగ్రనరసింహుణ్నై వెళ్లాను.

"సిస్టర్, బోర్డులు పెట్టడానికి ఒక విభాగం ఉంది. అది నేను."

"తెలుసండీ. మీ బోర్డు చాలా బాగుంది. కానీ జనం ఆగి తల తిప్పేది అక్కడ కాదండీ, ఇక్కడ. నాలుగు రోజులు నిలబడి చూశాను."

"మరి ఇంత కిందనా?"

"చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కళ్లు ఇక్కడే ఉంటాయి కదండీ."

జవాబు లేనప్పుడు నేను గొంతు సవరించుకుంటాను. ఆ రోజు వరండా దద్దరిల్లేట్టు సవరించుకున్నాను. వారం తిరక్కుండానే మా డైరెక్టరు డాక్టర్ శాంతల ఆ మలుపు దగ్గర గుంపు లేకపోవడం గమనించి, ఎందుకో కనుక్కుని, ఆసుపత్రి వెబ్‌సైటు కొత్తగా కట్టే పనిలో నాకు తోడుగా సిస్టర్‌ను వేసింది. వేసి ఊరుకోక, నా వైపు తిరిగి కన్నడంలో "ఇవరన్న నోడి కలీరి" అంది. ఈవిడను చూసి నేర్చుకోండి అని. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నాకెవరూ ఎవరినీ చూసి నేర్చుకోమనలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అంటే చపాతీలు తిన్నాను.

అప్పటికే నా హోమ్‌పేజీ సిద్ధంగా ఉంది. దాని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తెరవగానే సూర్యోదయంలో మా భవనం ఫొటో. దాని మీద "అరుణకిరణాల సాక్షిగా కారుణ్యం కనులు తెరిచే ఈ ఆరోగ్య మందిరానికి" అంటూ మొదలయ్యే వాక్యం. ఆ వాక్యం ఎక్కడ ముగుస్తుందో చూడాలంటే బొటనవేలితో ఏడుసార్లు కిందికి తొయ్యాలి. తర్వాత బటన్లు. రిపోర్టుల బటను పేరు "విజ్ఞాన కిరణాలు". ఫోను నంబర్ల బటను "కారుణ్య వేదిక". డాక్టరు అపాయింట్‌మెంటు "సేవా సౌరభం" అనే బటనులో, మూడో బొమ్మ కింద, ఆకుపచ్చ రంగులో. వీటన్నిటికీ పైన, నారింజ రంగులో, ముఖమంత బటను ఒకటి. "మీ ఆరోగ్య యాత్ర ఆరంభించండి!" అది నొక్కి పేరు, ఫోను, ఈమెయిలు ఇస్తే నేను నెలనెలా రాసే ఉత్తరం ఇంటికి వస్తుంది. ఎంతమంది చేరితే మా రంగంలో అంత గొప్ప. అందుకే దాన్ని అంత లావుగా పెట్టాను.

సిస్టర్ దాన్ని మూడుసార్లు పైనుంచి కిందికి చూసి, బాగుందనలేదు, బాగాలేదనలేదు. "ఒకరికి చూపిద్దామండీ" అంది. ఓపీలో భర్తను కంటి డాక్టరుకు చూపించి బయటికొస్తున్న ఒకామెను పది నిమిషాలు కూర్చోమని బతిమాలి తెచ్చింది. ఆమె పేరు చెంగమ్మ. అత్తిబెలెలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. భర్త మునిరత్నానికి కంట్లో పొర, ఆపరేషన్ చెయ్యాలన్నారు. సిస్టర్ ఆమె చేతికి ఫోనిచ్చి, "అమ్మా, మీ ఆయన్ని మళ్లీ కంటి డాక్టరుకు చూపించాలి. ఏ రోజు రావాలో ఇందులో చూసుకోండి. మేము మిమ్మల్ని పరీక్షించడం లేదు, దీన్ని పరీక్షిస్తున్నాం" అని, తాను ఆమె వెనక ఒక స్టూలు మీద కూర్చుంది. కూర్చునే ముందు రెండు అరచేతులూ స్టూలు మీద పరిచి, వాటి మీద కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, చూపుడువేలు దానంతటదే ముందుకు పోయి "ఇదిగో ఇక్కడ" అనకుండా ఉండటానికి ఆమె కనిపెట్టిన కట్టుబాటట అది.

చెంగమ్మ తెర వైపు చూసింది. సూర్యోదయాన్ని చూసింది. అరుణకిరణాలను తోసింది, ఇంకా తోసింది. నుదుటి మీద చెమట పట్టింది. ఆమెకో నాకో గుర్తులేదు. ఆమె వేలు ఆకుపచ్చ బటనుకు వెంట్రుకవాసి దూరం దాకా వచ్చి దాటిపోయింది. నా లోపల ఏదో తెగింది.

"కింద! కింద! ఆకుపచ్చది!" అని అరిచాను. ఆ అరుపుకు పక్క వార్డులో ఒక రోగికి మెలకువ వచ్చిందంటారు, నేను నమ్మను.

చెంగమ్మ గబుక్కున నొక్కి, "నాకే తెలివి లేదు సార్. ఎదురుగానే ఉండాది, కనబడలే" అంది.

ఆమె వెళ్లాక సిస్టర్ అరచేతులు విడిపించుకుని, తిమ్మిరి వదిలేదాకా రుద్దుకుంటూ అడిగింది. "రేపు ఆవిడ అత్తిబెలెలో, ఇంట్లో, ఇది తెరిచినప్పుడు పక్కన మీరుంటారా అండీ?"

అంతే. ఇంకేం అనలేదు. తిట్టి ఉంటే సంతోషంగా పోట్లాడేవాణ్ని.

తర్వాత రెండు వారాలు ఆమె ఓపీలో విచారణ కౌంటరు పక్కన కూర్చుని, వచ్చిన ప్రతి మనిషీ అనే మొదటి మాట మాత్రం నోటుపుస్తకంలో రాసుకుంది. "డాక్టర్ ఏ పొద్దు ఉంటాడు?" "రిపోర్టు వచ్చిండాదా?" "యాడికి పోవల్ల?" ఇవే, ఇవే, మళ్లీ ఇవే. ఆ మాటలు తీసుకుని తన పేజీ తయారుచేసింది. తెల్లటి పేజీ. పైన ఫోను నంబరు. కింద "డాక్టరును చూడాలి", "రిపోర్టు కావాలి", "ఎక్కడికి రావాలి" అని మూడు బటన్లు. సూర్యుడు లేడు. కారుణ్యం లేదు. ఒక్క విశేషణం కూడా లేదు.

"ఇది రాయడమా సిస్టర్? జనం నోట్లోంచి వచ్చింది తీసుకొచ్చి పెట్టారు. కాపీ కొట్టడం కాదూ ఇది?" అన్నాను.

"అవునండీ, కాపీయే," అని సంతోషంగా ఒప్పుకుంది. ఆమెతో గొడవపడటం నురుగుతో గోడ కట్టడం లాంటిది.

ఇంతలో నా అసూయకు ఇంట్లో కూడా దాణా దొరికింది. ఈ గోడునంతా నేను మా ఆవిడ లలితకు రోజూ చెప్పేవాణ్ని, సిస్టర్‌ను తిట్టడానికే. ఒక ఆదివారం చూస్తే వంటింట్లో డబ్బాలన్నీ తారుమారయ్యాయి. రోజూ వాడేవి చేతికందే ఎత్తులో, నెలకోసారి వాడేవి పైన, ప్రతి డబ్బా మీద పేరు. "ఏంటిదంతా?" అన్నాను.

"మీ సిస్టరమ్మ చెప్పేది సరిగ్గానే ఉండాది. ఇరవై రెండేళ్లుగా చక్కెర యాడుండాదో మీరు నన్ను అడగతానే ఉండారు. నేను మీకే తెలివి లేదనుకుంటి. పాపం, తప్పు డబ్బాది."

నా పెళ్లాం నోట ఇరవై రెండేళ్లలో నా గురించి వచ్చిన తొలి సానుభూతి వాక్యం అది. ఆ ఘనత కూడా ఎస్తేరు సిస్టర్ ఖాతాలోకే పోయింది.

డైరెక్టరు చివరికి తేల్చేసింది. రెండు పేజీలూ ఐదుగురి ముందు పెడతాం. ఎవరిది జనానికి త్వరగా చేతికొస్తే అదే ఊరికి చూపిస్తాం, వాళ్లే విభాగానికి అధిపతి. అంటే నా కుర్చీ, నా ప్రింటరు, నా అరుణకిరణాలు, అన్నీ పణంగా పడ్డాయి. ఇక్కడే సిస్టర్ ఘోరమైన పొరపాటు చేసింది. నన్ను నమ్మింది. "మీకు ఊరంతా తెలుసు కదండీ. ఇక్కడికెప్పుడూ రానివాళ్లను ఐదుగురిని మీరే పిలవండి" అంది.

పిలిచాను. ఐదుగురూ మా వీధివాళ్లే. పరీక్ష గురువారం అయితే, ముందు ఆదివారం పొద్దున వాళ్లందరినీ మా ఇంటికి పిలిచి, లలిత చేత జీడిపప్పు తేలే కేసరిబాత్ చేయించి, నా హోమ్‌పేజీకి శిక్షణ శిబిరం నడిపాను. "కంటి డాక్టరు అంటే?" అని నేననడం, "మూడో బొమ్మ కింద ఆకుపచ్చ!" అని వాళ్లు ముక్తకంఠంతో అరవడం. నలభై సార్లు. లలిత గిన్నె తీసుకెళ్తూ, "దీన్ని పరీక్ష అనరు. చీటీ పెట్టి రాయడమంటారు" అంది. వినపడనట్టు ఇంకో గరిటె కేసరిబాత్ వేసుకున్నాను.

గురువారం నా శిష్యులు చెలరేగిపోయారు. మా వీధి పెద్ద గోవిందప్ప మామ అయితే సిస్టర్ "మీకు కంట్లో..." అని నోరు తెరవగానే ఆకుపచ్చ నొక్కేసి, చేతులు కట్టుకుని, మీసం సవరించుకున్నాడు. డైరెక్టరు కళ్లు పెద్దవయ్యాయి. సిస్టర్ పేజీ మీద కూడా అందరూ పని ముగించారు గాని మామూలు మనుషుల్లా, చదువుకుంటూ, ఆగుతూ. అంతలో డైరెక్టరుకు ఫోనొచ్చి బయటికి వెళ్లింది. అదే సమయానికి గోవిందప్ప మామ సిస్టర్ పేజీ చేతిలో పట్టుకుని, దిక్కులు చూసి, నిండుసభలో నన్నడిగాడు.

"ఏమప్పా రంగా, దీంట్లో మూడో బొమ్మ లేదే? దీనికి నువ్వు నేర్పీలేదు కదప్పా!"

నాకు దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గడానికి మూడు గ్లాసుల నీళ్లు పట్టాయి. స్టూలు మీద సిస్టర్ కదల్లేదు. నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత మామతో, "పర్లేదు పెద్దాయనా, మీకు తోచినట్టు చూడండి" అంది. డైరెక్టరు తిరిగొచ్చింది. లెక్క చూసింది. నా పేజీ గెలిచింది. ఆ సాయంత్రం నేను నగర్తపేట ఇరుకు సందులో ఛాతీ విరుచుకుని నడుస్తుంటే ఎదురొచ్చే తోపుడుబండ్లు పక్కకు తప్పుకున్నాయి.

నా అరుణకిరణాలు నెలన్నర వెలిగాయి. నా ఉత్తరానికి చేరేవాళ్లు వరదలా వచ్చిపడుతుంటే, చూశారా నా శైలి మహిమ అని సిస్టర్‌కు రోజూ చెప్పేవాణ్ని. ఆమె ఒక్కసారి మాత్రం, "ఇంతమంది ఉత్తరం కోసమే వస్తున్నారా అండీ?" అని అడిగింది. అసూయ అనుకున్నాను. ప్రపంచంలో అందరికీ నా జబ్బే ఉంటుందని నా నమ్మకం.

ఒక మంగళవారం పొద్దున ఓపీ కౌంటరు దగ్గర గొంతులు పెరిగితే వెళ్లి చూశాను. చెంగమ్మ. పక్కన బెంచీ మీద మునిరత్నం, తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. ఆపరేషన్ అయి పది రోజులట. కన్ను ఎర్రబడి నాలుగు రోజులట. కౌంటరులో అమ్మాయి "మీ పేరు లిస్టులో లేదమ్మా" అంటోంది. చెంగమ్మ ఒక కాగితం ముందుకు తోస్తోంది. అత్తిబెలెలో అంగట్లో రంగుల్లో ప్రింటు తీయించి, నలగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకొచ్చింది.

"దొడ్డుగా ఉండే బటను నొక్కితిని. పేరు రాస్తిని, ఫోను రాస్తిని. ఈమెయిలు పక్కింటి పిల్లది ఇస్తిని. మూడు దినాలకి ఇది వచ్చె. ఇదే కదా చీటీ? మంగళవారం అని ఉండాది దీంట్లో!"

కాగితం మీద నా సంతకం ఉంది. ఆ నెల నేను రాసిన ఉత్తరం. "ప్రతి మంగళవారం ఒక మంగళకరమైన ఆలోచనతో మొదలుపెట్టండి" అన్నది నా వాక్యమే. ఆమె నా ఆరోగ్య యాత్రను ఆరంభించింది. నాలుగు రోజులు, భర్త కన్ను మండుతుంటే, ముందు చీటీ కోసం, తర్వాత మంగళవారం కోసం ఎదురుచూసింది.

నా కాళ్లు కదల్లేదు. అతిశయోక్తులకు పేరుబడ్డవాణ్ని, ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను, కదల్లేదు. సిస్టర్ ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. మునిరత్నం చెయ్యి మెల్లగా తీసి కన్ను చూసింది. లిస్టు చూడలేదు, ఎవర్నీ అడగలేదు, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తానే తోసుకుంటూ కంటి డాక్టరు గదిలోకి వెళ్లిపోయింది. అరగంట నేను ఆ బెంచీ మీద చెంగమ్మ పక్కన కూర్చున్నాను. ఆమెకు నేనెవరో గుర్తొచ్చింది.

"మీరు రాసిండేదే కదా సార్ ఇది? చానా బాగుండాది. ఫ్యాక్టరీలో ఒకాయమ్మతో రెండు తూర్లు చదివించుకుంటి. టైము ఒకటే, యాడుండాదో దొరకలే. నాకు తెలివి లేదు సార్."

నా రాతను జీవితంలో చాలామంది మెచ్చుకున్నారు. వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఇదొక్కటి అక్షరం పొల్లుపోకుండా ఉంది.

డాక్టరు బయటికొచ్చి, లోపల చీము పట్టిందని, ఇంకొక్క రోజు ఆగి ఉంటే చూపు గురించి తానేమీ చెప్పలేకపోయేవాణ్నని, ఇప్పుడు మందు వేస్తే నిలబడుతుందని చెప్పాడు. నిలబడింది కూడా. దానికి వారం పట్టింది. ఆ వారం రోజులూ నేను ఎవరి మీదా అసూయపడలేదు, సెలవు దొరికినట్టు.

మొదటి సాయంత్రమే సిస్టర్ దగ్గరికి వెళ్లాను. ఖాళీ ఓపీలో నోటుపుస్తకం మీద తలవంచుకుని ఉంది. "కేసరిబాత్ పెట్టి నేర్పించాను సిస్టర్. ఐదుగురికీ" అన్నాను.

"తెలుసండీ. ఆ పెద్దాయన అన్నప్పుడే తెలిసింది."

"మరి అప్పుడే డైరెక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

ఆమె నోటుపుస్తకం మూసింది. "ఐదుగురి ముందు మీ పరువు పోతుందనుకున్నానండీ. పేజీని నెమ్మదిగా, ఒక్కో ముక్క మార్పిద్దాంలే అనుకున్నాను. మీ ముఖం చూశాను గాని, ఇంటి దగ్గర ఫోను పట్టుకునే మనిషిని చూడలేదు. ఇరవై నాలుగేళ్లు నర్సుగా చేసి కూడా. నాదే పెద్ద తప్పు." కళ్లు తుడుచుకుంది. స్వెటరు చేతితో.

మీరు నమ్మండి, నమ్మకపోండి, పశ్చాత్తాపంతో కుంగిపోతున్న ఆ క్షణంలో కూడా నాకు ఒళ్లు మండింది. తప్పు చేసింది నేను! కేసరిబాత్ పెట్టింది నేను! ఆ తప్పులో కూడా పెద్ద వాటా ఈమే పట్టుకుపోతుందా? "అదేం కుదరదు సిస్టర్, తప్పు మొత్తం నాదే" అని వాదానికి దిగాను. ఇద్దరం తప్పు కోసం కాసేపు లాక్కున్నాం. మర్నాడు నేనే డైరెక్టరు గదికి వెళ్లి అంతా చెప్పేశాను, ఆమె ముందు వెళ్లి చెప్పేస్తుందేమోనన్న భయంతో కొంత, సిగ్గుతో కొంత. డాక్టర్ శాంతల నన్ను తిట్టలేదు. కిటికీలోంచి బయటికి చూసి, "సిస్టర్ కింద పని చేస్తారా, వేరే చోటు చూసుకుంటారా?" అంది. కింద పని చేస్తానన్నాను. మనం అసూయపడే మనిషికి దగ్గరగా ఉండటమే మేలు. దూరం నుంచి సరిగ్గా కనపడదు.

అలా నాలుగేళ్లు ఆమె కింద చేశాను. మొదటిసారి అరచేతుల మీద కూర్చున్నప్పుడు మోచేతుల దాకా తిమ్మిరెక్కి, ఫోనెత్తలేక, చెవిని బల్ల మీదికి వంచి మాట్లాడాను. నేను రాసిన పేరాలు ఆమె దగ్గరికి లావుగా వెళ్లి, ఒళ్లు తగ్గి వచ్చేవి. ఎర్ర పెన్ను వాడేది కాదు. పక్కన పెన్సిలుతో "ఇది ఎవరికి?" అని రాసేది. అంతే. మందుల చీటీ పేజీకి నేను ఎనిమిది వాక్యాల ముందుమాట రాస్తే ఎనిమిదింటి పక్కనా అదే ప్రశ్న. ఏడింటికి నా దగ్గరున్న నిజమైన జవాబు "నాకు" అన్నది. సిగ్గుపడి కొట్టేశాను. మార్కెటింగువాళ్లం, ప్రచారం రాసేవాళ్లం అందరం చేసే పని ఇదేనని, మనం చెప్పాలనుకున్నది లావుగా, వాళ్లు వెతుక్కుంటూ వచ్చింది సన్నగా పెడతామని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ పెన్సిలు చెప్పింది.

రిటైరై సిస్టర్ ఒంగోలు వెళ్లిపోయింది. అక్కడి చర్చి తలుపు మీద ఆరాధన వేళలు దూరానికి కనపడేట్టు రాయించిందని, ఊళ్లో బస్టాపులో ఏ బస్సు ఎటు పోతుందో కాగితం అంటించిందని వింటాను. అక్కడెవరో నాలాంటి అభాగ్యుడు ఆమెను చూసి కుళ్లుకుంటూనే ఉంటాడు. అతని మీద నాకు సానుభూతి కంటే అసూయే ఎక్కువ. రోజూ చూస్తాడు కదా.

నేనిప్పుడు శనివారాలు మార్కెటింగు పిల్లలకు ఈ విద్యే చెబుతున్నాను. చెప్పినదంతా అయ్యాక ఎవరో ఒకరు "ఇదంతా మీరే కనిపెట్టారా సార్?" అంటారు. అవుననడానికి నాలుక సిద్ధంగా పైకి లేస్తుంది. పేరు చెబుతాను. వెంటనే ఆమె ఫోను నంబరు అడుగుతారు. నా నంబరు ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

పోయిన నెల ఆసుపత్రివాళ్లు నన్ను పిలిచి, కంటి ఆపరేషన్ అయి ఇంటికెళ్లినవాళ్ల కోసం ఒక పేజీ రాయమన్నారు. మూడు వారాలు పట్టింది. ఉన్నవి పదకొండు వాక్యాలు. నా పద్ధతి ఒకటుంది, ఏది రాసినా ఊరికి చూపించే ముందు అత్తిబెలె బస్సెక్కుతాను. చెంగమ్మ ఇంటి వసారాలో కూర్చున్నాను. మునిరత్నం రెండు కళ్లతోనూ నన్ను గుర్తుపట్టి కాఫీ తేవడానికి లోపలికి పోయాడు. చెంగమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎప్పటిలాగే నా వెనక వీధిలోకి తొంగిచూసి, "సిస్టరమ్మ రాలేదా?" అంది.

రాలేదని చెప్పి ఫోనిచ్చాను. "ఆపరేషన్ అయిండే కన్ను ఎర్రగా అయ్యింది అనుకో చెంగమ్మా. ఏం చెయ్యాలో దీంట్లో చూడు" అన్నాను. ఆమె చూసింది. వేలు ఎక్కడా ఆగలేదు. పైన మొదటి వాక్యాన్నే గట్టిగా, కూడబలుక్కోకుండా చదివింది. "కన్ను ఎర్రబడితే, నొప్పి పెడితే, చూపు మసకైతే ఆగవద్దు. ఇప్పుడే ఈ నంబరుకు ఫోన్ చేయండి." చదివి వేలు నంబరు మీద పెట్టింది. లోపల గిన్నెలు చప్పుడు చేస్తున్న భర్త వైపు చూసింది.

తర్వాత తలెత్తి, ముఖమంతా నవ్వుతో, "ఇది ఆయమ్మ రాసిండేదే కదా సార్? చూస్తానే తెలిసిపాయె" అంది.

మూడు వారాలు, పదకొండు వాక్యాలు, ఒక్కో మాటకు ఒక్కో రాత్రి. అవన్నీ నా గొంతులోకి ఎగబాకి వచ్చాయి. కాఫీ వచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను.

"అవునమ్మా," అన్నాను. "ఆవిడ రాసిందే."